ఊపిరికి సాధన, మనసుకు భయం లేని ఇల్లు: జిడ్డు కృష్ణమూర్తి జీవితం



పరీక్షల కాలం దగ్గర పడుతోంది. పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు మీలో చాలామంది మార్కుల సంగతి మాట్లాడాక, లేచి వెళ్లబోతూ ఇంకో మాట అడుగుతున్నారు. పిల్లకు రాత్రి నిద్ర పట్టడం లేదనో, పరీక్ష రోజు పొద్దున్నే బాబుకు కడుపునొప్పి వస్తోందనో చెబుతున్నారు. దీనికి యోగా పనిచేస్తుందా, ప్రాణాయామం నేర్పించాలా, ఫోన్‌లో కనిపించే చైనావాళ్ల చీగాంగ్ మంచిదేనా అని అడుగుతున్నారు.

మంచి ప్రశ్న. చీగాంగ్ అంటే ఊపిరిని, మెల్లని కదలికను, మనసు పెట్టడాన్ని ఒకచోట కలిపే చైనా సాధన. ఆ పేరు 1950ల నుంచే బాగా వాడుకలోకి వచ్చినా, ఆ పద్ధతి మాత్రం చాలా పాతది. 1973లో చైనాలోని చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట తవ్విన సమాధిలో ఒక పట్టుగుడ్డ దొరికింది. దాని మీద వ్యాయామం చేస్తున్న మనుషుల బొమ్మలు 44 ఉన్నాయి. ఆ సమాధి వయసు రెండు వేల ఏళ్లకు పైమాటే. మన దేశంలో ఆసనం, ప్రాణాయామం చేసే పనీ చాలావరకు ఇలాంటిదే. ఊపిరి నెమ్మదిస్తే శరీరం నెమ్మదిస్తుంది, శరీరం నెమ్మదిస్తే మనసుకు కాస్త తెరిపి దొరుకుతుంది.

అయితే అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. పొద్దున పావుగంట ఊపిరి సాధన చేయించి, సాయంత్రం మూడు గంటలు పిల్లను భయపెడితే ఆ సాధన ఏం చేయగలదు? దీనికి జవాబు ఒక తెలుగు మనిషి జీవితంలో దొరుకుతుంది. ఆయన దాదాపు జీవితమంతా క్రమం తప్పకుండా శరీరానికి సాధన చేశారు. శరీరం చేసే పని వేరు, భయం పోవడం వేరు అని కూడా అంతే గట్టిగా చెప్పారు. ఆయన పేరు జిడ్డు కృష్ణమూర్తి. ఈ నెల ఆయన కథ చదవండి.

మదనపల్లెలో మందకొడి పిల్లవాడు

కృష్ణమూర్తి 1895 మే నెలలో రాయలసీమలోని మదనపల్లెలో పుట్టారు. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఆ దంపతులకు ఎనిమిదో సంతానం కాబట్టి, దేవకీదేవి ఎనిమిదో బిడ్డ పేరే పెట్టుకున్నారు.

పిల్లవాడికి చిన్నప్పుడే మలేరియా పట్టుకుంది. అప్పట్లో అది పట్టుకుంటే సులభంగా వదిలేది కాదు. జ్వరం వస్తూ పోతూ ఏళ్ల తరబడి వేధించింది. చాలా రోజులు బడికి వెళ్లలేకపోయేవాడు. వెళ్లినా పాఠం తలకెక్కేది కాదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, చీమనో మబ్బునో గమనిస్తూ కూర్చునేవాడు. మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు నిత్యానంద చురుకైనవాడు, చెప్పింది చెప్పినట్టు పట్టేసేవాడు. ఒకే ఇంట్లో ఒకరు చురుకు, ఒకరు మందం. మన ఇళ్లలోనూ ఇలాంటి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటారు. వాళ్లను పక్కపక్కన నిలబెట్టి మాట్లాడటం మనకు తెలియకుండానే అలవాటైపోతుంది.

1905 చివర్లో సంజీవమ్మ చనిపోయింది. అప్పటికి కృష్ణకు పదేళ్లు. ఒంట్లో బాగోని పిల్లవాడికి అమ్మే లోకం. ఆ లోకం ఒక్కసారిగా ఖాళీ అయింది.

నారాయణయ్య ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, 1909 మొదట్లో కుటుంబంతో మద్రాసు చేరుకున్నారు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో ఆయనకు చిన్న పని దొరికింది. ఇల్లు సరిగా లేదు, తిండీ అంతంతమాత్రం. కృష్ణను మైలాపూరు బడిలో వేశారు. పాఠం అప్పజెప్పలేదని అక్కడ దాదాపు రోజూ బెత్తం దెబ్బలు పడేవి. వరండాలో నిలబడి ఏడుస్తూ గడిపిన గంటలే చాలా ఉన్నాయి. దెబ్బలతో ఆ పిల్లవాడికి చదువు అబ్బలేదు. నోరు మాత్రం మూసుకుపోయింది.

సముద్రపు ఒడ్డు నుంచి కొత్త జీవితం

ఆ ఏడాదే అడయారు సముద్రపు ఒడ్డున దివ్యజ్ఞాన సమాజం నాయకుల్లో ఒకరైన లెడ్‌బీటర్ కళ్లు ఈ పిల్లవాడి మీద పడ్డాయి. లోకానికి రాబోయే జగద్గురువు ఇతడిలోనే వెలుస్తాడని ఆయన నమ్మాడు. బక్కచిక్కి, శుభ్రత లేక, బడిలో చివరి బెంచీకి కూడా భారమైన పిల్లవాడిలో ఆయనకేం కనిపించిందో అని చుట్టూ ఉన్నవాళ్లు ఆశ్చర్యపోయారు.

ఆ నమ్మకం సంగతి పక్కన పెట్టి, ఆ తర్వాత పిల్లవాడి రోజు ఎలా మారిందో చూడండి. అన్నదమ్ములిద్దరినీ ఆ బడి మాన్పించారు. వేళకు తిండి, వేళకు నిద్ర ఏర్పాటయ్యాయి. ఈత, సైకిలు, టెన్నిస్ నేర్పించారు. చదువు దగ్గర కూర్చుని చెప్పేవాళ్లు దొరికారు. కొద్ది కాలానికే కృష్ణ ఒంట్లో మార్పు వచ్చింది. ఇంగ్లీషు పట్టుబడింది. ఆటల్లో చురుకుదనం కనిపించింది. మందకొడి అనిపించుకున్న పిల్లవాడు మందకొడి కాదని తేలింది. శరీరానికి కావలసింది అందాక, బెత్తం కనుమరుగయ్యాక ఆ మార్పు వచ్చింది.

దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. పిల్లలు ఇంటికి, నాన్నకు దూరమయ్యారు. ఇంగ్లీషే నోట మెదులుతూ ఉండేసరికి కృష్ణ తెలుగు మర్చిపోయాడు. సమాజం అధ్యక్షురాలు అనీబెసంట్ పిల్లలకు సంరక్షకురాలై 1911లో ఇంగ్లాండుకు తీసుకెళ్లారు. తర్వాత నారాయణయ్య మనసు మారింది. నా బిడ్డలను నాకు ఇప్పించండని 1912లో కోర్టుకెక్కారు. మద్రాసులో తీర్పు ఆయన వైపే వచ్చింది. కానీ 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. బిడ్డల మేలు కోరే వాళ్లకు అప్పగించిన తండ్రి, ఆ బిడ్డలనే పోగొట్టుకున్నాడు.

పెద్దల ఆశలు, పరీక్షలో తప్పిన కొడుకు

ఇంగ్లాండులో కృష్ణ మీద పడిన బరువు మామూలుది కాదు. 1911లోనే ఆయన పేరు మీద ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థను పెట్టారు. దానికి అధిపతి ఆ పదహారేళ్ల పిల్లవాడే. దేశదేశాల్లో వేలమంది సభ్యులయ్యారు. అతను ఎలా కూర్చోవాలో, ఏం కట్టుకోవాలో, ఎవరితో మాట్లాడాలో అన్నీ పెద్దలే నిర్ణయించేవారు.

అలాంటి వాడు ఆక్స్‌ఫర్డ్‌లో చదవాలని పెద్దల కోరిక. అక్కడ సీటు రాలేదు. లండన్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ రాశాడు, తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. ప్రైవేటు ట్యూటర్లకు, ఖర్చుకు లోటు లేదు. ప్రపంచానికే గురువు అవుతాడని వేలమంది నమ్ముతున్నా, పరీక్ష హాల్లోకి వెళ్లేసరికి రాయలేకపోయేవాడు. తమ్ముడు నిత్య మాత్రం గట్టెక్కి లా చదువులోకి వెళ్లాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఐఐటీ అనో, నీట్ అనో మనం ఇంట్లో అనుకునే మాట పిల్లల చెవిన ఆశగానే పడుతుందా, బరువుగా పడుతుందా? నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, దేవరకొండలోనో, వనపర్తిలోనో ఒక కుటుంబం పొలం మీద వచ్చిన డబ్బునో నెల జీతాన్నో తెచ్చి ఫీజు కడుతుంది. ఆ కష్టం నిజమైనది. ఆ కష్టం పిల్లలకు తెలియాలి కూడా. కానీ మా కష్టానికి బదులు నీ ర్యాంకు అన్నట్టు వినిపించిన రోజున ఆ పిల్ల పుస్తకం ముందు కూర్చున్నా కనిపించేది పాఠం కాదు, అమ్మానాన్నల ముఖాలే.

తమ్ముడి మరణం, మెట్టు దిగిన మనిషి

నిత్యకు క్షయ సోకింది. పొడి గాలి మంచిదని 1922లో అన్నదమ్ములు అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓహాయ్ అనే లోయకు చేరారు. నిత్య కొన్నాళ్లు కోలుకున్నట్టు కనిపించాడు, మళ్లీ జబ్బు తిరగబెట్టింది. అతను బతుకుతాడని సమాజం పెద్దలు కృష్ణకు నమ్మకంగా చెప్పారు. కృష్ణ దాన్ని నమ్మి ఇండియాకు ఓడెక్కాడు. ఓడ దారిలో ఉండగానే 1925 నవంబరు 13న తమ్ముడు పోయాడన్న కబురు అందింది.

ఆ దుఃఖం నుంచి కృష్ణమూర్తి పారిపోలేదు. దాన్ని మాటలతో కప్పిపుచ్చుకోలేదు. ఓడలో రోజుల తరబడి కుమిలిపోయి, ఇండియాలో దిగేసరికి నెమ్మదించాడు. పెద్దలు చెప్పింది నమ్మి బతికే మనిషి అక్కడితో ఆగిపోయాడు. నాలుగేళ్ల తర్వాత, 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో జరిగిన శిబిరంలో అనీబెసంట్ ఎదుటే, వేలమంది సభ్యుల ముందు ఆర్డర్‌ను రద్దు చేశారు. తనను గురువుగా కొలవవద్దన్నారు. సంస్థకు వచ్చిన ఆస్తులను ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 34.

వేలమంది చేతులు జోడించి నిలబడ్డ పదవిని వదిలేయడం ఒక రకంగా ఊపిరి పీల్చుకోవడమే. తన బరువు ఏదో, ఇతరులు తన మీద పెట్టింది ఏదో ఆయనకు తెలిసింది.

మన రాళ్లగుట్టల్లాంటి చోట ఒక బడి

మదనపల్లెకు దగ్గర్లో, రాళ్లగుట్టల మధ్య ఒక లోయలో 1920లలో బడి కోసం భూమి సేకరించారు. అదే రిషి వ్యాలీ. మీరు ఎప్పుడైనా అటు వెళితే మన వైపు వచ్చినట్టే అనిపిస్తుంది. పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న కొండలు, అరకొర వానలు, ఎండిపోయే బావులు అక్కడా ఉన్నాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసి పెరిగిన వాళ్లకు, ఆ బడిలో పెద్ద మర్రిచెట్టు కింద పిల్లలు కూర్చునే దృశ్యం కొత్తగా ఉండదు. ఎండిన ఆ లోయలో చెట్లు పెంచి, నీటిని ఆపి, దశాబ్దాల మీద పచ్చబరిచారు.

దేశాలు తిరుగుతూనే కృష్ణమూర్తి చలికాలంలో ఇండియాకు వచ్చినప్పుడు అక్కడికి వెళ్లి పిల్లలతో, టీచర్లతో మాట్లాడేవారు. పోలిక లేని చదువు, శిక్ష లేని క్రమశిక్షణ సాధ్యమా అన్నదే ఆ మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చే సంగతి. వరండాలో ఏడ్చిన పిల్లవాడికి అది పుస్తకాల్లో చదువుకున్న ప్రశ్న కాదు.

ఆ బడిలో ఒక అలవాటు ఉంది. దాన్ని అస్తాచల్ అంటారు. సాయంత్రం పిల్లలు ఒకచోట చేరి, మాట్లాడకుండా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. ఆ సమయంలో జపమూ ఉండదు, పాఠమూ ఉండదు. ఆట అయిపోయి, రాత్రి చదువు మొదలయ్యే ముందు ఆ కాస్త నిశ్శబ్దం. అక్కడి పిల్లలు కూడా బోర్డు పరీక్షలు రాస్తారన్నది గుర్తుంచుకోండి. పరీక్ష ఉన్నా నిశ్శబ్దానికి చోటు ఉండవచ్చని ఆ బడి చూపించింది.

డెబ్బై ఏళ్ల శిష్యుడు, ఇరవై ఏడేళ్ల గురువు

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వద్దాం. శరీర సాధన సంగతి ఏమిటి?

కృష్ణమూర్తి పొద్దున్నే ఆసనాలు, ప్రాణాయామం చేసేవారు. మధ్యాహ్నం భోజనం తర్వాత విశ్రాంతి. సాయంత్రం చాలా దూరం వేగంగా నడక. ఎక్కడున్నా, మద్రాసైనా, రిషి వ్యాలీ అయినా, ఓహాయ్ అయినా ఈ క్రమం తప్పేది కాదు. శాకాహారమే తినేవారు. సిగరెట్టు, మద్యం ముట్టలేదు. చిన్నప్పుడు మలేరియాతో నీరసించిన శరీరంతోనే ఎనభై దాటాక కూడా దేశదేశాలు తిరిగి, గంటసేపు కాగితం చూడకుండా మాట్లాడగలిగారు.

1940ల చివర్లో బి.కె.ఎస్. అయ్యంగార్ ఆయనకు ఆసనాలు నేర్పించారు. 1960ల మధ్యలో, డెబ్బై ఏళ్ల వయసులో, ఆయన ఇంకో గురువు దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ గురువు టి.కె.వి. దేశికాచార్. మద్రాసులోని ప్రసిద్ధ యోగాచార్యుడు తిరుమలై కృష్ణమాచార్య కొడుకు, సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడేళ్ల చుట్టుపక్కల. తన మనవడి ఈడు వాడి ముందు, ప్రపంచం పేరు విన్న మనిషి శిష్యుడిలా కూర్చున్నారు.

ఆ సంప్రదాయంలో రెండు సంగతులు ముఖ్యం. మొదటిది, సాధన మనిషికి తగినట్టు ఉండాలి. పదేళ్ల పిల్లకు, నలభై ఏళ్ల తండ్రికి, డెబ్బై ఏళ్ల నానమ్మకు ఒకే కొలత పనికిరాదు. రెండోది, కదలిక ఊపిరితో కలిసి నడవాలి. చేయి పైకి లేస్తుంటే గాలి లోపలికి, చేయి కిందికి దిగుతుంటే గాలి బయటికి. చీగాంగ్ చేసేవాళ్లు చెప్పేది కూడా ఇదే. భాష వేరు, దేశం వేరు, ఒంటికి తెలిసిన దారి ఒకటే.

అది ఎందుకు పనిచేస్తుందో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. భయపడ్డప్పుడు ఊపిరి పైపైన, వేగంగా ఆడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, అరిచేతులు చెమట పడతాయి, కడుపులో తిప్పుతుంది. మన ఇష్టంతో గుండెను ఆపలేం, కడుపును ఊరుకోమనలేం. ఊపిరిని మాత్రం కొంతవరకు మన చెప్పుచేతల్లో పెట్టుకోగలం. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. వదలడం నెమ్మదిగా, పొడుగ్గా సాగితే, శరీరాన్ని నెమ్మదింపజేసే వేగస్ నరం పని పుంజుకుంటుంది. పరీక్ష హాలు బయట నిలబడ్డ పిల్లకు రెండు నిమిషాల్లో అందే సాయం ఇది. ఖర్చు లేదు, ఎవరి ముందూ చేయి చాచనక్కరలేదు.

ఆయన గీసిన గీత

అయితే కృష్ణమూర్తి ఇక్కడే ఒక గీత గీశారు. ఆసనం, ప్రాణాయామం శరీరానికి మంచివి, అందుకే చేయాలి అనేవారు. వాటిని చేస్తే మనసులోని భయం, అసూయ, పోలిక వాటంతటవే పోతాయని ఎప్పుడూ ఒప్పుకోలేదు. భయాన్ని ఉన్నచోట ఉంచి, దాని మీద సాధనను దుప్పటిలా కప్పితే మనసు నెమ్మదించినట్టు కనిపిస్తుందే గాని, లోపల నిప్పు అలాగే ఉంటుందన్నది ఆయన మాటల సారం. భయం ఎక్కడ పుడుతోందో చూడాలన్నారు.

ఇది మనకు నేరుగా తగిలే మాట. మీ అబ్బాయి పొద్దున పావుగంట ప్రాణాయామం చేశాడనుకోండి. సాయంత్రం ఇంటికి రాగానే ఎదురింటి పిల్ల మార్కులు వినిపించాయి. రాత్రి బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరి ప్రోగ్రెస్ కార్డో వచ్చింది, దాన్ని అతని ముందే చదివారు. అన్నం దగ్గర అక్కతో పోల్చారు. పొద్దున ఊపిరి తెచ్చిన నెమ్మదిని సాయంత్రం మాటలు పట్టుకుపోయాయి. అప్పుడు ప్రాణాయామం కూడా అతనికి చేయాల్సిన ఇంకో హోంవర్కు అవుతుంది. అదీ సరిగా చేయలేదని మనం మళ్లీ తిడతాం.

బడులకూ ఇందులో వాటా ఉంది. మన బడిలోనూ టెస్టులు, మార్కులు ఉన్నాయి. వాటిని తీసేస్తామని ఈ వ్యాసం చెప్పదు. పిల్లవాడికి ఏది వచ్చింది, ఏది రాలేదు అని తెలుసుకోవడానికి పరీక్ష కావాలి. కానీ ఏది రాలేదో తెలుసుకోవడం ఒక పని, నువ్వు ఎంతమంది వెనక ఉన్నావో చెప్పి సిగ్గుపడేలా చేయడం వేరే పని. మొదటిది చదువు, రెండోది భయం. పరీక్షల ముందు ఆటల పీరియడ్‌ను స్టడీ అవర్‌గా మార్చమని మీలో కొందరు అడుగుతుంటారు. మైలాపూరు బడి నుంచి బయటపడ్డాక కృష్ణకు తెలివి తెచ్చిన వాటిలో ఈత, సైకిలు, నిద్ర కూడా ఉన్నాయని అలా అడిగే ముందు ఒకసారి గుర్తు చేసుకోండి.

చివరి నడక

1985 డిసెంబరులో, తొంభై ఏళ్ల కృష్ణమూర్తి చివరిసారి రిషి వ్యాలీకి వచ్చారు. ఒంట్లో సత్తువ తగ్గుతోంది. 1986 జనవరి 4న మద్రాసులోని వసంత విహార్‌లో చివరి ప్రసంగం చేశారు. జనవరి 10న అమెరికా వెళ్లే ముందు అడయారు సముద్రపు ఒడ్డున నడిచారు. డెబ్బై ఏడేళ్ల కింద బెత్తం దెబ్బలు తిన్న పిల్లవాడు తిరిగిన తీరం అదే. ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో, క్లోమ గ్రంథి క్యాన్సర్‌తో కన్నుమూశారు.

అంత క్రమంగా సాధన చేసిన మనిషికి క్యాన్సర్ ఎందుకొచ్చిందని ఎవరైనా అడగవచ్చు. ఊపిరి సాధన జబ్బులు రానివ్వని తాయెత్తు కాదు. ఉన్న రోజులను చురుగ్గా, తేలిగ్గా గడపడానికి అది తోడు. ఆయనకు ఆ తోడు తొంభై ఏళ్ల వరకు దొరికింది.

ఈ నెల ఇంట్లో మీరు చేయగలిగినవి

ఒకటి. రోజూ పది నిమిషాలు, పిల్లలతో పాటు మీరూ నిలబడండి. పాదాలు భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్లు కాస్త సడలించండి. గాలి పీలుస్తూ రెండు చేతులూ ముందుకు, భుజాల ఎత్తు వరకు మెల్లగా లేపండి. వదులుతూ మెల్లగా దించండి. చీగాంగ్ వరుసలు కొన్ని ఇలాంటి కదలికతోనే మొదలవుతాయి. పీల్చడం కన్నా వదలడం కాస్త పొడుగ్గా ఉండాలి. పిల్లల చేత ఊపిరి బిగబట్టించవద్దు. తల తిరిగినట్టుంటే కూర్చోబెట్టండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలైతే ముందు డాక్టరును అడగండి.

రెండు. సాయంత్రం ఇరవై నిమిషాలు నడవండి. నల్లగొండలో పానగల్ చెరువు వైపో, మహబూబ్‌నగర్‌లో పెద్దచెరువు కట్ట మీదో, మీ ఊరి చెరువు గట్టు మీదో. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి. ఆ ఇరవై నిమిషాలు చదువు గురించి మాట్లాడవద్దు.

మూడు. పొద్దు గూకే వేళ ఐదు నిమిషాలు డాబా మీదనో వాకిట్లోనో ఊరికే కూర్చోండి. పిల్లలు కళ్లు మూసుకోవాలని లేదు, కదలకూడదని లేదు. చూడనివ్వండి చాలు.

నాలుగు. ఈ నెల రోజులు ఒక్క పోలిక కూడా నోట రానివ్వకుండా ఉండి చూడండి. అక్కతో, పక్కింటి పిల్లతో, మీ చిన్నప్పటి మీతో. ఈ ఐదింటిలో అన్నింటికన్నా కష్టమైనది ఇదే.

ఐదు. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, బడి అంటే ఏడుపు, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు వారాలకు మించి ఉంటే, లేదా బతకాలని లేదన్న మాట ఒక్కసారి విన్నా, సాధనతో సరిపెట్టుకోవద్దు. క్లాస్ టీచరుకు చెప్పండి, డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మదనపల్లె పిల్లవాడికి తెలివి లేదని బడి అనుకుంది. అతనికి లేనిది తెలివి కాదు, ధైర్యంగా ఊపిరి తీసుకునే చోటు. మీ ఇంట్లో అలాంటి చోటు ఒకటి ఉంటే, పిల్లలు నేర్చుకునే ప్రతి సాధనా నిలుస్తుంది. లేకపోతే ఏ సాధనా నిలవదు. ఆ చోటు ఇవ్వడానికి ఫీజు అక్కర్లేదు. మన ఓపిక కావాలి.